ఒంట్లోని అక్షరమాల

శ్రోతలకు నమస్కారం.

ఆ మాట అంటుండగానే నా రెండు చేతులూ వాటంతటవే దగ్గరికి చేరాయి. ఎదురుగా ఉన్నది మైకు ఒక్కటే. ఎవరూ చూడడం లేదు. అయినా అరచేతులు కలిశాయి, బొటనవేళ్లు గుండెకు ఆనాయి, తల కొంచెం వంగింది. మీలో కూడా కొందరికి అలాగే జరిగి ఉంటుంది. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం ఇదే. చెయ్యి ఒక తీరులో నిలిస్తే మనసు కూడా ఒక తీరుకు వస్తుంది. దాన్నే పెద్దలు ముద్ర అన్నారు. మనసు నిలవడానికి ఒంట్లో కొన్ని చోట్లు చూపించి, వాటిని చక్రాలన్నారు.

రేడియోలో వేళ్లు చూపించి చెప్పే వీలు లేదు. అందుకని నేను చెబుతుంటే మీరు మీ చేతులే చూసుకోండి.

నేను పుట్టి పెరిగింది రేపల్లెలో, అమ్మమ్మగారింట్లో. చదువు బాపట్లలో. పెళ్లయి తెనాలి వచ్చాను. ఇరవై ఏళ్లుగా తెనాలిలో మా మేడ మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లకు ఆసనాలు, ప్రాణాయామం నేర్పుతున్నాను. ఈ మధ్య కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "మేడమ్, చక్రాలు బ్యాలెన్స్ చేయిస్తారా?" అని. ఫోన్లో వీడియోలు చూసి వస్తారు. ఏడు చక్రాలు, ఏడు రంగులు, ఒక్కో జబ్బుకు ఒక్కో ముద్ర. ఇదంతా ఎక్కడినుంచో వచ్చిన కొత్త విద్య అన్నట్టు అడుగుతారు. వాళ్లకు నేను ముందు మా అమ్మమ్మ సంగతే చెబుతాను.

అమ్మమ్మకు యోగం అన్న మాట జాతకాల్లో తప్ప తెలియదు. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి లలితా సహస్రనామం చదివేది. పుస్తకం ఒళ్లో ఉండేది కానీ తిప్పేది కాదు. నేను పక్కన కూర్చుని ప్రసాదం ఎప్పుడు పెడుతుందా అని ఎదురుచూసేదాన్ని. పెద్దయ్యాక అర్థం తెలుసుకుని చదివితే కానీ బోధపడలేదు, ఆ వెయ్యి నామాల్లో ఏడు చక్రాలూ వరసగా ఉన్నాయని. 99వ నామం దగ్గర మూలాధారంతో మొదలుపెట్టి సహస్రారం దాకా ఒకసారి పైకి ఎక్కిస్తారు. మళ్లీ 475వ నామం నుంచి 534వ నామం దాకా ఒక్కో చక్రంలో ఒక్కో యోగినిని కూర్చోబెట్టి, ఆవిడకు ఎన్ని ముఖాలో, ఒంట్లో ఏ ధాతువుకు ఆవిడ అధిదేవతో, ఏ అన్నం అంటే ఇష్టమో చెబుతారు.

అన్నం సంగతి వినండి. గొంతు దగ్గర విశుద్ధిలో ఉండే తల్లికి పాయసం. గుండె దగ్గర అనాహతంలో ఉండే ఆవిడకు నెయ్యి వేసిన అన్నం. బొడ్డు దగ్గర మణిపూరంలో బెల్లపన్నం. దాని కింద స్వాధిష్ఠానంలో పెరుగన్నం. వెన్ను మొదట్లో మూలాధారంలో పెసరపప్పు పులగం. కనుబొమల నడుమ ఆజ్ఞాచక్రంలో పసుపు కలిపిన అన్నం. నడినెత్తిన సహస్రారంలో ఉండే తల్లికి అన్ని అన్నాలూ ఇష్టమే. దసరా పది రోజులూ మన వంటింట్లో జరిగే నైవేద్యాల పట్టీ ఇంచుమించు ఇదే కదా! వరి పండే కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఈ భాగం మిగతా అన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది. చక్రం అంటే తిండికి దూరమైన ఏదో గహనమైన సంగతి అనుకునేవాళ్లకు, చర్మం మొదలుకుని రక్తం, మాంసం, కొవ్వు, ఎముక, మజ్జ దాకా, ఒంటిని కట్టే ధాతువులన్నిటినీ అన్నంతో ముడివేసి చెప్పిన ఈ నామాలు వినిపించాలి.

రేపల్లెలో పెరిగినవాళ్లకు పాము కూడా కొత్త కాదు. పెనుమూడి దగ్గర కృష్ణ దాటితే పులిగడ్డ, అక్కణ్ణించి మోపిదేవి. అక్కడి సుబ్రహ్మణ్యేశ్వరుడు పాముచుట్ట మీద లింగరూపంలో ఉంటాడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం, పిల్లలకు చెవులు కుట్టించడానికి మోపిదేవి తీసుకెళతాం. కుండలిని అంటే వెన్ను మొదట్లో చుట్టచుట్టుకుని పడుకున్న పాము అని తరవాత ఒక పుస్తకంలో చదివినప్పుడు నాకు భయం వేయలేదు. చిన్నప్పటి నుంచీ దణ్ణం పెట్టుకున్న స్వామే కదా అనిపించింది.

ఇక అక్షరాల సంగతి. ఈ పూట ఇంకేదీ గుర్తుండకపోయినా మీకు ఇదొక్కటి గుర్తుండాలని నా కోరిక. చక్రాలను తామరపూలుగా వర్ణిస్తారు, ఒక్కో పూవుకు ఇన్ని రేకులని లెక్క ఉంది. మూలాధారానికి నాలుగు, స్వాధిష్ఠానానికి ఆరు, మణిపూరానికి పది, అనాహతానికి పన్నెండు, విశుద్ధికి పదహారు, ఆజ్ఞకు రెండు. కూడితే యాభై. ఈ యాభై ఎక్కడివి? మన అక్షరమాలవి. పెద్దబాలశిక్షలో దిద్దిన వర్ణమాలను, సంస్కృతపు లెక్కలో, గొంతు నుంచి కిందికి ఒంట్లో పరిచారు.

గొంతు దగ్గర పదహారు రేకుల్లో పదహారు అచ్చులు. అ, ఆ, ఇ, ఈ దగ్గర్నుంచి అం, అః దాకా. అచ్చు అంటే నాలుకా పెదవీ దేన్నీ తాకకుండా గొంతులోంచి తెరిపిగా వచ్చే ధ్వని. దాన్ని గొంతులోనే ఉంచారు! గుండె దగ్గర పన్నెండు రేకుల్లో క నుంచి ఠ దాకా. బొడ్డు దగ్గర పదింటిలో డ నుంచి ఫ దాకా. దాని కింద ఆరింటిలో బ, భ, మ, య, ర, ల. అట్టడుగున నాలుగింటిలో వ, శ, ష, స. మిగిలిన హ, క్ష రెండూ కనుబొమల నడుమ. పలక మీద రాసుకుని లెక్కపెట్టి చూడండి, ఒక్క అక్షరం మిగలదు, ఒక్కటి తక్కువ కాదు. మొదటిసారి ఇలా రాసుకుని చూసిన రోజు నేను చాలాసేపు ఆ కాగితం ముందే కూర్చుండిపోయాను. మాట్లాడే మనిషి ఒళ్లంతా మాటలతోనే కట్టి ఉందని చెప్పడానికి ఇంతకంటే అందమైన పద్ధతి నాకు తెలియదు.

ఈ రేకుల లెక్కను వివరంగా చెప్పిన గ్రంథాల్లో బాగా పేరున్నది షట్చక్ర నిరూపణం. 1577లో వంగదేశంలో పూర్ణానంద యతి రాసింది. కలకత్తా హైకోర్టు జడ్జిగా పనిచేసిన జాన్ వుడ్రాఫ్ దాన్ని 1919లో ఇంగ్లీషులోకి తెచ్చాక పాశ్చాత్య దేశాల్లో చక్రాల మాట పాకింది. ఇవాళ గోడల మీద కనిపించే ఇంద్రధనుస్సు రంగుల పటం మాత్రం ఆ గ్రంథంలోది కాదు. పటంలో మణిపూరం పసుపు, అనాహతం ఆకుపచ్చ. పూర్ణానందుడి వర్ణనలో మణిపూరం తామర నీళ్లు నిండిన మబ్బు రంగు, దాని నడుమ ఎర్రని అగ్ని త్రికోణం. అనాహతం మంకెనపూవు ఎరుపు. ఏడు రంగుల వరస ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్యులు కలిపినది. రంగు రాళ్లూ రంగు నీళ్లూ కొని చక్రాలు సరిచేసుకుందామనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మన ప్రాంతంలో ఈ విద్యను పుస్తకంగా కాక బతుకుగా చూపించినవాళ్లున్నారు. బాపట్ల దగ్గర చందోలు. బండ్లమ్మ అమ్మవారి ఊరు. ఆ ఊళ్లోనే తాడేపల్లి రాఘవనారాయణ శాస్త్రిగారు ఉండేవారు, శ్రీచక్రంలో అమ్మవారిని అర్చించే శ్రీవిద్యోపాసకులు. చందోలు శాస్త్రిగారంటేనే జనానికి తెలుసు. ఆయన గురించి మా ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. వాటిలో మహిమల సంగతి పక్కన పెడితే, నాకు గుర్తుండిపోయింది ఆయన నియమం. రోజూ అదే వేళ, అదే ఆసనం, అదే జపం, ఏళ్ల తరబడి. శ్రీవిద్యలో చక్రం అంటే ముందున్న శ్రీచక్రం ఒకటి, లోపలి చక్రాలు రెండోవి. బయట చేసే అర్చనలో పది ముద్రలు పడతారు. సహస్రనామాల్లో 977వ నామం అమ్మవారిని పది ముద్రలతో ఆరాధించదగిన తల్లి అంటుంది. 979వ నామం మరో అడుగు ముందుకు వేసి అమ్మే జ్ఞానముద్ర అంటుంది. అంటే ముద్ర మన జబ్బుకు మందు అని కాదు, వేళ్ల రూపంలో దేవత అని వాళ్ల భావన.

బాపట్లలోనే 1926 ఆగస్టు 11న ఎక్కిరాల కృష్ణమాచార్యగారు పుట్టారు. మాస్టర్ ఇ.కె. అంటే చాలామందికి తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పిన పండితులు. హోమియో మందులు ఉచితంగా ఇచ్చే వైద్యశాలలు పెట్టించారు, 1971లో విశాఖపట్నంలో జగద్గురు పీఠం స్థాపించారు, యూరప్ దేశాలు తిరిగి యోగం, జ్యోతిషం బోధించారు. 1984 మార్చి 17న వెళ్లిపోయారు. ఆయన తమ్ముడు ఎక్కిరాల భరద్వాజగారు కూడా బాపట్లలోనే పుట్టి, సాయి భక్తిని తెలుగునాట ఇంటింటికీ తెచ్చారు.

మాస్టర్ ఇ.కె. అనుసరించిన దారి కుంభకోణంలో స్థిరపడిన తెలుగువారు కంచుపాటి వెంకటరావు వెంకాసామిరావుగారిది, మాస్టర్ సి.వి.వి. అని పేరు. 1910 మే 29న ఆయన ఆ యోగాన్ని మొదలుపెట్టారు. దానికి భృక్త రహిత తారక రాజయోగం అని పేరు. ఆ దారిలో చక్రాల మాట చాలా వస్తుంది కానీ, తలకిందులు కావడం, ఊపిరి బిగించడం, వేళ్లు ముడివేయడం ఏవీ లేవు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నమస్కారం చెప్పి కళ్లు మూసుకుని కూర్చోవడం. లోపల జరిగేదాన్ని జరగనివ్వడం. బాపట్లలో చదువుకునే రోజుల్లో నేనున్న ఇంటివాళ్లు సాయంత్రం ఆరు కాగానే ఎక్కడి పని అక్కడ ఆపి కూర్చునేవారు. పొయ్యి మీద పాలుంటే దించి కూర్చునేవారు. పావుగంట తరవాత మళ్లీ మామూలే. వాళ్ల ముఖాలు చూసినప్పుడు, చక్రాలు సరికావడం అంటే బహుశా ఇదే అయుంటుందని నాకు తోచేది.

ఇప్పుడు ఒక కష్టమైన ప్రశ్న. చక్రాలు నిజంగా ఒంట్లో ఉన్నాయా? కోసి చూస్తే కనిపిస్తాయా?

ఈ ప్రశ్న నాది కాదు. ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి వయసులో ఉన్నప్పుడు గంగ ఒడ్డున తిరుగుతూ, నీళ్లలో కొట్టుకొస్తున్న ఒక శవాన్ని చూశారట. ఆయన దగ్గర హఠయోగ గ్రంథాలున్నాయి. శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, పుస్తకాల్లో చెప్పిన తామరల కోసం వెతికారు. ఒక్కటీ కనపడలేదు. పుస్తకాలను చింపి శవంతో పాటే నదిలో పారేశారు. ఇది ఎవరో కట్టిన కథ కాదు, తన జీవితకథలో ఆయన స్వయంగా చెప్పుకున్నదే.

ఆ పని చేయడానికి ఎంత నిజాయితీ ఉండాలి! ఆయన వెతికిన తీరు గౌరవించదగినది. అయితే ఆ గ్రంథాలు చెప్పింది మాంసంలో ఉండే పూల గురించి కాదని నా నమ్మకం. ధ్యానం చేసేవాడు భావించవలసిన పూల గురించి. గుండె దగ్గర పన్నెండు రేకులు భావించు అంటే, అక్కడ మనసు పెట్టు అని. గుండె కోస్తే ప్రేమ కనపడదు కాబట్టి ప్రేమ లేదనం. అలాగని చక్రాన్ని ఒక అవయవంగా అమ్మడమూ సరికాదు. థైరాయిడ్ గ్రంథే విశుద్ధి చక్రం, పాంక్రియాసే మణిపూరం అని ఇవాళ ధైర్యంగా చెబుతున్నారు. ఆ పోలికలు పాత గ్రంథాల్లో లేవు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా వీధిలోనే ఒక అమ్మాయికి థైరాయిడ్ ఉంది. ఎవరి దగ్గరో ఆన్‌లైన్లో చక్రాల క్లాసు కట్టింది. నలభై రోజులు ఫలానా ముద్ర పడితే విశుద్ధి తెరుచుకుంటుంది, మాత్ర అవసరం ఉండదు అన్నారట. మాత్ర మానేసింది. మూడు నెలల్లో మనిషి వాచిపోయి, మెట్లెక్కలేక, పిల్లాణ్ణి ఎత్తుకోలేక మా ఇంటికొచ్చి ఏడ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మాత్ర మళ్లీ మొదలుపెట్టాక కోలుకుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. నమ్మింది. ఆ నమ్మకాన్ని వాడుకున్నవాళ్లది తప్పు.

చేతి ముద్రల చరిత్ర కూడా కొంచెం చెప్పాలి. స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపికలో పది ముద్రలున్నాయి. మహాముద్ర, ఖేచరి, విపరీతకరణి, మూలబంధం ఇలాంటివి. వాటిలో వేళ్లతో పట్టేది ఒక్కటీ లేదు. అన్నీ ఒంటితో చేసేవే, గురువు పక్కన ఉండి నేర్పవలసినవే. బొటనవేలు అగ్ని, చూపుడువేలు గాలి, నడిమివేలు ఆకాశం, ఉంగరపు వేలు భూమి, చిటికెనవేలు నీరు, వీటిని కలిపితే ఫలానా జబ్బు పోతుంది అనే పట్టిక ఈ కాలంలో బాగా ప్రచారమైంది. దాన్ని హఠయోగ శాస్త్రంగా చెప్పడం తగదు.

మరి చేతి ముద్రలకు మూలం ఎక్కడ? పూజలో, సంధ్యావందనంలో, నాట్యంలో. రేపల్లెలో మా తాతయ్య పొద్దున్నే గాయత్రి జపానికి ముందు ఇరవై నాలుగు ముద్రలు పట్టేవారు. సుముఖం, సంపుటం అని మొదలై, నడుమ మత్స్యం, కూర్మం, వరాహం, సింహాక్రాంతం వచ్చి చివరికి పల్లవంతో ముగిసేవి. చేప, తాబేలు, పంది, సింహం, లేత చిగురు, ఇవన్నీ ఆయన ముడతలు పడిన వేళ్లలో ఒకదాని వెంట ఒకటి పుట్టి కలిసిపోయేవి. నేను కళ్లార్పకుండా చూసేదాన్ని. నాకు నేర్పమంటే ఆడపిల్లలకు కాదన్నారు. ఆ మాట అప్పుడు బాధ పెట్టింది, ఇప్పటికీ అది న్యాయమని నేను అనుకోను. అందుకే నా దగ్గరికి వచ్చే ఏ ఆడపిల్లకూ, ఏ ఇంటి పిల్లకూ వేళ్లు కలపడం నేర్పను పొమ్మని ఎప్పుడూ అనలేదు.

నాట్యంలో చూడండి. నందికేశ్వరుడి అభినయ దర్పణంలో ఒంటి చేతి హస్తాలు ఇరవై ఎనిమిది. అందులో హంసాస్యం అంటే బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిపి మిగతా మూడు వేళ్లూ చాచడం. మనం చిన్ముద్ర అనేది ఇంచుమించు అదే. ఒకే చెయ్యి రంగస్థలం మీద పూవు అందుకుంటుంది, బొట్టు పెడుతుంది, మోకాలి మీద నిలిస్తే ధ్యానమవుతుంది. నాటకాల ఊరు తెనాలిలో ఉంటూ, పద్యం ఎత్తుకున్న నటుడి చెయ్యి సభనంతా ఎలా పట్టి ఉంచేదో చూసినదాన్ని, చెయ్యికి శక్తి లేదని ఎలా అంటాను?

శరీరశాస్త్రం కూడా చెయ్యి గొప్పదనాన్ని ఒప్పుకుంది. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు, రోగి మెలకువగా ఉండగానే మెదడు పైపొరను తాకి, ఏ చోటు తాకితే ఒంట్లో ఏ భాగం స్పందిస్తుందో పటం గీశారు. 1937లో ఆ వివరాలు ప్రకటించారు. ఆ పటంలో వీపు, తొడ లాంటి పెద్ద భాగాలకు ఉన్నది కాస్త చోటే. చేతికీ వేళ్లకూ, పెదవులకూ నాలుకకూ మాత్రం చాలా పెద్ద చోటు. అంటే వేలి కొసను నెమ్మదిగా తాకించి దాని మీదే ధ్యాస ఉంచితే, ఆ పటంలో వేళ్లకున్న చోటు పనిలో పడుతుంది. చిన్ముద్రలో మనసు ఎందుకు త్వరగా కుదురుతుందో అర్థం చేసుకోవడానికి నాకు ఇది సాయపడింది. జబ్బు నయమవుతుందని దీనివల్ల రుజువు కాదు. మనసు కుదరడమే చిన్న లాభమా?

ఊపిరి సంగతిలో ఇంకా గట్టి ఆధారం ఉంది. 2001లో ఇటలీ వైద్యులు లూచియానో బెర్నార్డి బృందం ఇరవై ముగ్గురి మీద ఒక పరీక్ష చేసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. లాటిన్ భాషలో మేరీమాత ప్రార్థన చదివించారు, ఓంకారంతో మొదలయ్యే ఒక బౌద్ధ మంత్రం కూడా చదివించారు. రెండూ చదువుతున్నప్పుడు వాళ్ల ఊపిరి నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గింది. గుండె లయ, రక్తపోటులోని సహజమైన హెచ్చుతగ్గులు ఆ లయతో కలిశాయి. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. చర్చిలో ప్రార్థన చదివినా, మా అమ్మమ్మలా సహస్రనామం చదివినా, ఊపిరిని నెమ్మదిగా వదలమని నేర్పేది ఆ చదివే తీరే. శుక్రవారం లలిత చదివి లేచిన అమ్మమ్మ ముఖం తేటగా ఎందుకుండేదో నాకు ఇప్పుడు కొంత తెలిసింది.

ఇక సాధన. వీలున్నవాళ్లు ఇప్పుడే చేయండి. పొయ్యి దగ్గర ఉన్నవాళ్లు, బండి నడుపుతున్నవాళ్లు విని, తరవాత చేయండి.

నేల మీద కూర్చోగలిగితే సుఖాసనంలో, లేకపోతే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. వెన్ను నిటారుగా ఉండాలి కానీ బిగదీయకూడదు. చేతులు మోకాళ్ల మీద, అరచేయి పైకి. బొటనవేలి కొసకు చూపుడువేలి కొసను తాకించండి. నొక్కవద్దు. రెండు వేళ్ల మధ్య ఒక బియ్యపుగింజ ఉందనుకోండి. అది పడిపోకూడదు, నలగకూడదు. అంతే ఒత్తిడి. మిగతా మూడు వేళ్లూ వదులుగా చాచి ఉంచండి.

నోరు మూసి ముక్కుతో ఊపిరి తీయండి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ. వదిలేటప్పుడు ఆరు. ఒక ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు. ఎక్కడా బిగబట్టవద్దు. ఆయాసం అనిపిస్తే మామూలు ఊపిరికి వచ్చేయండి.

ఇప్పుడు ఒక్కో ఊపిరికీ ఒక్కో చోట మనసు పెట్టండి. మొదట మీరు కూర్చున్న చోటు, బరువంతా నేల మీద ఆనిన చోటు. నాట్లు వేసే తల్లులు, మగ్గం మీద కూర్చునే నేతన్నలు, రోజంతా కౌంటర్ దగ్గర నిలబడే ఆడపిల్లలు, మీ నడుం ఎంత బరువు మోసిందో ఈ ఒక్క ఊపిరిలో గుర్తుచేసుకోండి. తరవాత పొత్తికడుపు. తరవాత బొడ్డు, ఊపిరితో పైకీ కిందికీ కదలడం గమనించండి. తరవాత గుండె నడుమ. అక్కడ ఒక ఊపిరి ఎక్కువ ఉన్నా పరవాలేదు. తరవాత గొంతు. గొంతు దగ్గరికి రాగానే ఊపిరి వదులుతూ ఆ అని, తరవాతి ఊపిరికి ఈ అని, ఊ అని, ఓ అని మెల్లగా పలకండి. పదహారు అచ్చులూ పలకగలిగితే మరీ మంచిది. మీ అరచేయి గొంతుకు ఆనించి చూస్తే అచ్చు పలికినప్పుడల్లా అదురు తెలుస్తుంది. ఆ తరవాత కనుబొమల నడుమ. చివర నడినెత్తి. అక్కడ ఏమీ చేయవలసిన పని లేదు.

పది నిమిషాలు చాలు. ఆరింటికో, దీపం పెట్టే వేళకో, ఏదో ఒక వేళ కట్టుకోండి. బాపట్లలో నేను చూసినవాళ్ల బలమంతా ఆ వేళ తప్పకపోవడంలోనే ఉంది.

ఆసనాల్లో వంగి పనిచేసేవాళ్లకు భుజంగాసనం మేలు. బోర్లా పడుకుని, అరచేతులు భుజాల కింద ఆనించి, ఛాతీ మెల్లగా పైకెత్తడం. రోజంతా ముందుకు వంగిన వెన్నును ఇది వెనక్కి తెరుస్తుంది. గర్భిణులు చేయకూడదు. భోజనం అయ్యాక చేయదగిన ఆసనం వజ్రాసనం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదీ వద్దు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు కపాలభాతి చేయవద్దు. సర్వాంగాసనం, శీర్షాసనం గొంతు చక్రానికీ నెత్తి చక్రానికీ మంచివని విని మెడ మీద బరువు వేయవద్దు. మెడ అరుగుదల, కంటిలో నీటి ఒత్తిడి, రక్తపోటు ఉన్నవాళ్లు వాటి జోలికే పోకూడదు.

జూన్ 21 యోగా దినం వస్తే తెనాలిలోనూ బాపట్లలోనూ మైదానాలు నిండుతాయి. 2025లో యోగాంధ్ర పేరుతో మన రాష్ట్రంలో నెలరోజులు జరిగింది, విశాఖ తీరంలో లక్షలమంది కూర్చున్నారు. సంతోషమే. జూన్ 22న ఎంతమంది కూర్చున్నారన్నదే నాకు ముఖ్యం. మర్నాడంటే నాకు గుర్తొచ్చేది బాపట్ల దగ్గరి జిల్లెళ్లమూడి. అక్కడ జనం అమ్మ అని పిలుచుకున్న ఆవిడ 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం తెరిచారు. ఆ రోజు వచ్చినవాళ్లకు అన్నం పెట్టి ఊరుకోలేదు, మర్నాడూ పొయ్యి వెలిగింది. ఆవిడ 1985లో వెళ్లిపోయాక కూడా వెలుగుతూనే ఉంది. ఆకలితో వచ్చినవాడికి ముందు పులగమో పెరుగన్నమో పెట్టే ఇంట్లో చక్రాల సంగతి వేరే చెప్పక్కర్లేదని మా అమ్మమ్మ ఉంటే అనేది.

ఒక్క మనవి చేసి సెలవు తీసుకుంటాను. మీ ఇంట్లో షుగరుకో, బీపీకో, థైరాయిడ్‌కో మాత్ర వేసుకునేవాళ్లుంటే, రేపు పొద్దున ఆ మాత్ర వేసుకున్నాకే ఈ పది నిమిషాలూ పక్కన కూర్చోబెట్టుకోండి. ముద్ర పడితే మాత్ర మానవచ్చని ఎవరు చెప్పినా, అది మీ డాక్టరు నోట విన్న తరవాతే నమ్మండి.